పేర్ల దగ్గర ఆపాలి

మా గుడిలో బైబిలు వాక్యం లేని తీర్పు చెల్లదు. ఇది దొరల కాలం నాటి పద్ధతి అంటారు గానీ, దొరలకు ఇంత తెలివి ఉంటుందని నాకు నమ్మకం లేదు. మావాళ్లే పెట్టి ఉంటారు. సంఘంలో ఎవరికైనా పెళ్లి జరగాలన్నా, ఎవరి పేరైనా సంఘం పుస్తకంలోంచి కొట్టేయాలన్నా, ఆ పనికి తగిన అధ్యాయం ఒకటి ఆదివారం ఆరాధనలో అందరి ఎదుటా చదవాలి. చదవడం అయ్యాక సంఘపెద్ద లేచి తీర్పు చెబుతాడు. అంటే ఆ తీర్పు ఆయనది కాదు, దేవుడిది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, దేవుడికీ సంఘపెద్దకూ ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు.

ఆ అధ్యాయాలు చదివే గొంతు నాది. నా పేరు ముత్యాలప్ప. చింతామణి సంతబయలు వెనక రేకుల కప్పున్న చిన్న గుడి మాది. నలభై ఇళ్ల సంఘం. పాదిరి అయ్యగారు చిక్కబళ్లాపురంలో ఉంటారు, నెలకొక ఆదివారం వచ్చి ప్రసంగం చేసి, కోడికూర తిని వెళ్లిపోతారు. మిగిలిన మూడు ఆదివారాలు సంఘపెద్ద యాకోబప్పవి. గుడి ఊడ్చేది, గంట కొట్టేది, వాక్యం చదివేది నేను. శనివారం సాయంత్రం యాకోబప్ప చీటీ పంపుతాడు. ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నీ అందులో ఉంటాయి. మొదలుపెట్టడం ఎవరికైనా వస్తుంది. ఆపడంలోనే యాకోబప్ప పెద్దరికమంతా ఉంది.

యాభై ఏడులో ఆయన కొడుకు దానియేలప్ప పరగోడు నుంచి ఒక పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. పేరు హనుమక్క. భూమి, బావి, రెండు జతల ఎద్దులు ఉన్న ఇంటి ఆడపిల్ల. మా గుడి నీడ మీద పడితే స్నానం చేసే ఇల్లు అది. పుట్టింటివాళ్లు ఆమె చచ్చిపోయిందనుకుని తలకు నీళ్లు పోసుకున్నారు. యాకోబప్ప మాత్రం దేవుడికి ఒక ఆత్మ దొరికింది అని ఊరంతా చెప్పుకున్నాడు. దొరికింది ఆత్మ ఒకటే కాదు, పెద్దింటి సంబంధం కూడా అని మాకందరికీ తెలుసు. శనివారం బాప్తిస్మం, సోమవారం పెళ్లి. మధ్యలో ఆదివారం చదవాల్సిన వాక్యానికి చీటీ వచ్చింది. రూతు గ్రంథం, మొదటి అధ్యాయం.

రూతు కథ తెలియనివారు ఉంటారు కాబట్టి చెబుతాను. రూతు మోయాబు దేశపు పిల్ల. పరాయి జాతి, పరాయి దేవుళ్లు. ఇశ్రాయేలు ఇంటి కోడలై, మొగుడు పోయాక కూడా అత్తను విడిచి వెళ్లలేదు. నీ జనమే నా జనం, నీ దేవుడే నా దేవుడు అని అత్త వెంట నడిచి వచ్చి, పరిగె ఏరుకుని అత్తను పోషించి, ఆ ఊళ్లోనే ఇంకో పెద్దమనిషిని చేసుకుంది. దావీదు రాజు ఆ వంశంలోనే పుట్టాడు. చదవడానికి చాలా బాగుంటుంది. అదే బైబిలులో ఇంకోచోట మోయాబువాళ్లను పదో తరం దాకా సమాజంలో చేరనివ్వకూడదని కూడా ఉంది. అది ఆ వారం చీటీలో లేదు.

శనివారం మధ్యాహ్నం నేను బాప్తిస్మపు తొట్టికి నీళ్లు మోస్తున్నాను. ఆ పిల్ల ఒక్కతే వచ్చి గోడ పక్కన నిలబడింది. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. కళ్లు ఏడ్చి వాచి ఉన్నాయి. ఏమ్మా అన్నాను.

"అప్పా, ఈ నీళ్లు పోసుకునే ముందర అబద్ధం ఉండకూడదంట గదా. మాకు పెండ్లి ముందే అయిపోయినాది. మూడు నెల్లాయ. గూళూరు దగ్గర దేవస్థానంలో తాళి కట్టినాడు. నాకిప్పుడు నెల తప్పినాది. మా మామకు అన్నీ తెలుసు. అయ్యగారికి చెప్పొద్దన్నాడు. ఎవరో ఒకరికి చెప్పుకోకుండా నేను తల వంచలేను. నీకు చెప్తాండా."

మా సంఘం కట్టుబాటు ప్రకారం అది చిన్న తప్పు కాదు. విగ్రహం ముందు తాళి కట్టినవాడి పేరు పుస్తకంలోంచి పోతుంది. తెలిసి దాచిన పెద్ద పెద్దరికమూ పోతుంది. నేను కడవ దించి ఆ పిల్ల ముఖం చూశాను. నా ఇంట్లోనూ ఆ వయసు కూతురు ఉంది.

"నాకు చెప్పినావు గదమ్మా, చాలు. ఇది నాతోనే మట్టిలోకి పోతాది" అన్నాను.

ఆమె తల వంచింది, అయ్యగారు నీళ్లు పోశారు, రూతమ్మ అని పేరు పెట్టారు. మరునాడు నేను రూతు కథ చదివాను. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. తర్వాత ఆరు నెలలకే ఆడపిల్ల పుడితే, ఎనిమిదో నెల కాన్పులు ఈ మధ్య ఎక్కువయ్యాయని యాకోబప్ప భార్య అందరికీ చెప్పింది. రెండు నెలలు ఆమె ఎక్కడ కలుపుకుందో అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు నా సంగతి. నా భార్య పోయాక నాకు మిగిలింది ఒక్క కూతురు, సుజాతమ్మ. చదివించాను. మిట్టేమరి శాలెలో మేష్ట్రమ్మగా ఉద్యోగం వచ్చింది. అదే శాలెలో తిమ్మరాయప్ప అని ఇంకో మేష్ట్రు ఉన్నాడు. సేద్యగాళ్ల ఇంటివాడు, నెమ్మదైన మనిషి. అరవైలో ఇద్దరూ బాగేపల్లి రిజిస్ట్రారు కచేరికి పోయి సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నారు. గుడీ లేదు, దేవస్థానమూ లేదు. ఎవరి దేవుణ్ణి వాళ్లు ఉంచుకుందామని ఒప్పుకున్నారట.

నేనేమీ పుణ్యపురుషుణ్ణి కాను. ఆ కబురు విన్నరోజు దాని పెట్టె వీధిలో పెట్టాను. పన్నెండు నెలలు దాని ముఖం చూడలేదు. అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని పౌలు రాసిన మాటను పగలూ రాత్రీ నెమరేసుకుంటూ, నాకు జరిగిన అన్యాయం దేవుడికే జరిగినట్టు తిరిగాను. యాకోబప్ప ఆ రోజుల్లో నాతో మంచిగానే ఉన్నాడు, అది ఒప్పుకోవాలి. సుజాతమ్మ పేరు కొట్టేయమని నలుగురు అడిగినా, ముత్యాలప్ప మొహం చూసి ఆగండి అన్నాడు.

నన్ను మార్చింది రూతమ్మ. ఆమె అన్న ఆమెను ఇంట్లోకి రానివ్వడు గానీ, తల్లి చెనిక్కాయల చేను గట్టు మీదికి వచ్చి చూసి పోతుండేది. అందుకని రెండు నెలలకోసారి కూతుర్ని తీసుకుని పరగోడుకు వెళ్లేది. దారిలో మిట్టేమరిలో దిగి మా సుజాతమ్మను చూసేది. సంఘంలో ఇంకెవ్వరూ ఆ గడప తొక్కలేదు. కన్నతండ్రిని నేనే తొక్కలేదు. సుజాతమ్మకు ఆడపిల్ల పుట్టినప్పుడు పురుడు పోసినదీ రూతమ్మే. తిరిగొచ్చి గుడి మెట్ల మీద కూర్చుని, పాపకు నీ ముక్కే వచ్చింది అప్పా, పాపం, ఏం చేస్తాం అని నవ్వింది. ఆ నవ్వుకు నా రోషం కరిగింది. తర్వాతి బస్సుకు మిట్టేమరి పోయాను.

తిమ్మరాయప్ప నాకు కాళ్లకు నీళ్లిచ్చాడు. భోజనమయ్యాక, ఈ మాట మా రూతక్క అడిగింది, నాకు అడ్డం లేదు మామా, బిడ్డకు మీ గుడిలో నీళ్లు పోయించుకోండి, నేను మాత్రం రాను, నన్ను రమ్మనొద్దు అన్నాడు. సుజాతమ్మ కళ్లల్లో ఆశ కనపడింది. చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని వాక్యం విన్న పిల్ల. గుడిని అది వదల్లేదు, గుడే దాన్ని వదిలింది. ఆ పాపకు బాప్తిస్మం అయితే నా కూతురు మళ్లీ ఆ బల్ల మీద, నా ఎదుట కూర్చుంటుంది. నాకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది.

అరవై రెండు జూలైలో, చెప్పుకోదగ్గ వాన ఒక్కటీ పడని నెలలో, నేను బైబిలు చంకన పెట్టుకుని యాకోబప్ప ఇంటికి వెళ్లాను. పౌలు కొరింథువాళ్లకు రాసినది చూపించాను. నమ్మని భర్త నమ్మిన భార్య వల్ల పవిత్రుడవుతాడు, వాళ్ల పిల్లలూ పవిత్రులే అని అక్కడ ఉంది. ఆయన చదివాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది పెళ్లయ్యాక నమ్ముకున్నవాళ్లకు రాసిన మాట, తెలిసి తెలిసి బయటికి పోయినవాళ్లకు కాదు అన్నాడు. మోషే కూషు దేశపు దాన్ని చేసుకున్నాడు గదా అన్నాను. అందుకు గొణిగిన మోషే అక్కకు కుష్ఠు పట్టింది గానీ మోషేకు ఏమీ కాలేదన్నాను. నువ్వు మోషేవు కాదు, నీ అల్లుడు అంతకన్నా కాదు అన్నాడు. అప్పుడు నేను రూతును తీశాను.

"రూతు లోపలికి వచ్చినాది, ముత్యాలప్పా. నీ కూతురు బయటికి పోయినాది. రెండూ ఒకటేనా?"

ఆ మాటలో బలం ఉంది, కాదనను. కానీ నేను ముప్పై ఏళ్లు చదివినవాణ్ణి. నీ దేవుడే నా దేవుడు అని రూతు అన్నది మొగుడు పోయాక అన్నాను. మొదటి మొగుడు మహ్లోను ఆమెను మోయాబులో, ఆమె దేవుళ్లు ఆమెకు ఉండగానే చేసుకున్నాడు, పదేళ్లు అక్కడే ఉన్నారు, అప్పుడు ఎవరూ చీటీ పంపలేదే అన్నాను.

"ఆ మహ్లోను చచ్చిపోయినాడు గదప్పా. అది కూడా చదువుకో."

నాకు నోటి చివరి దాకా గూళూరు దేవస్థానం వచ్చింది. నీ కొడుకు ఏ వాక్యం చూసి అక్కడ తాళి కట్టాడు అని అడగబోయి మింగేశాను. లోపలి గదిలో రూతమ్మ రాగులు విసురుతున్న చప్పుడు వినిపిస్తోంది.

యాకోబప్ప నా మింగుడు చూశాడో ఏమో, కొంచెం మెత్తబడ్డాడు. ఒక దారి చెప్పాడు. సుజాతమ్మ పేరు రెండేళ్లుగా తేలకుండా ఉంది. దానికి ఒక తీర్పు కావాలి. ఈ ఆదివారం ఎజ్రా పదో అధ్యాయం చదివి ఆ పేరు కొట్టేద్దాం. కట్టుబాటు నిలబడిందని సంఘం నోరు మూసుకుంటుంది. క్రిస్మసు నాటికి బిడ్డ బాప్తిస్మం సంగతి నేనే అయ్యగారి ముందు పెడతాను, కూతుర్ని కూడా క్షమాపణ అడిగించి మళ్లీ చేర్చుకుందాం అన్నాడు. ఒక షరతు, ఆ అధ్యాయం నువ్వే చదవాలి అన్నాడు. తండ్రి చదివితే ఇంక ఎవరూ మాట్లాడరు.

ఎజ్రా పదో అధ్యాయం చెప్పకపోతే మీకు తెలియదు. చెరనుంచి తిరిగొచ్చిన జనం పరాయి స్త్రీలను పెళ్లాడి పిల్లల్ని కన్నారు. ఎజ్రా బట్టలు చింపుకుని ఏడ్చాడు. ఆ భార్యల్ని, వాళ్లకు పుట్టిన పిల్లల్ని పంపేయాలని తీర్మానం చేశారు. జనమంతా పెద్ద వానలో వీధిలో కూర్చుని, ఆ వానకూ ఆ సంగతికీ వణికారని రాసి ఉంది. పంపేశారు. ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోయారో, ఆ పిల్లలేం తిన్నారో ఎజ్రా రాయలేదు. అధ్యాయం చివర మాత్రం తప్పుచేసిన మగవాళ్ల పేర్లు ఒక పెద్ద పట్టిక ఉంది.

సరే అన్నాను. క్రిస్మసు ఐదు నెలల్లో ఉంది. ఐదు నెలలు ఎంతలో గడుస్తాయి అనుకున్నాను.

శనివారం చీటీ రూతమ్మే తెచ్చింది. ఎజ్రా పది, పేర్ల దగ్గర ఆపాలి అని యాకోబప్ప చేతిరాత. నేను దాన్ని రెండుసార్లు చదవడం చూసి ఆమె మెట్టు మీద కూర్చుంది.

"చదివేయప్పా. తల వంచుకొని చదివేయ్. పాప కోసరం. క్రిస్మసుకు మాట తప్పకుండా నేను మామ వెంటపడతా. రోజూ అన్నం పెట్టేది నేనే గదా, రోజూ అడుగుతా."

ఆదివారం గుడి నిండింది. పేరు కొట్టే రోజున ఎప్పుడూ నిండుతుంది, క్రిస్మసుకన్నా ఎక్కువ. నేను మొదలుపెట్టాను. గొంతు బాగానే వచ్చింది. అదే నాకు పట్టిన దరిద్రం, ఏది చదివినా నా గొంతు బాగానే వస్తుంది. వాన దగ్గరికి వచ్చాను. భార్యల్ని, వాళ్లకు పుట్టినవాళ్లను పంపివేయడం దగ్గరికి వచ్చాను. నా ముక్కు పెట్టుకుని పుట్టిన ఆ పాప కళ్ల ముందు కదిలింది. ముందు వరసలో యాకోబప్ప చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, నిమ్మళంగా తల ఊపుతున్నాడు. ఆ తల ఊపడం చూశాను. ఇంకేమీ చూడలేదు.

పేర్లు వచ్చాయి. ఆపలేదు. యాకోబప్ప కళ్లు తెరిచాడు. ఆ పట్టికలో మొట్టమొదట ఎవరి పేర్లు ఉన్నాయో మా గుడిలో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ ఎవరూ అక్కడిదాకా చదవనివ్వలేదు. యాజకుల కొడుకుల పేర్లు. పెద్దల ఇళ్లలోవాళ్లే ముందు. మయశేయా, ఎలీయెజెరు, యారీబు, గెదల్యా అని నింపాదిగా చదివాను. యాకోబప్ప చెయ్యి ఎత్తి చాలన్నట్టు ఊపాడు. నేను చదువుతూనే ఉన్నాను. పట్టికంతా చదివాను. చివరి పేరు అయ్యాక పేజీ మీంచి తలెత్తకుండా, అదే గొంతుతో అన్నాను.

"చింతామణి సంఘంలో యాకోబప్ప కొడుకు దానియేలప్ప. గూళూరు దగ్గర దేవస్థానంలో తాళి కట్టినాడు. బాప్తిస్మానికి మూడు నెలల ముందర."

నాకు ఎంత హాయిగా ఉందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. రెండేళ్ల బరువు దిగిపోయినట్టుంది. యాకోబప్ప ముఖం సున్నం కొట్టినట్టయింది. చూడు, ఇంకా తల ఊపు అనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు కదలిక వినిపించింది. తల తిప్పాను. ఆడవాళ్లందరూ రూతమ్మను చూస్తున్నారు. కొందరు వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆమె ఎవరినీ చూడట్లేదు, నన్నే చూస్తోంది. కోపం లేదు ఆ ముఖంలో. నేను ఇంకేమైనా చెబుతానేమో, ఇది తప్పు అని సర్దుతానేమో అని ఎదురుచూస్తున్నట్టు ఉంది. నేను బైబిలు మూసేశాను. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

పది రోజులకు అయ్యగారు విచారణకు వచ్చారు. ఆ ముందురోజు యాకోబప్ప నా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ బుద్ధి చెక్కు చెదరలేదు. జరిగింది జరిగింది అన్నాడు. అయ్యగారికి చెప్పాల్సింది ఏమిటంటే, ఆ తాళి సంగతి నాకు తెలియదు, నా కొడుకును ఆ పిల్ల మాయ చేసింది, మమ్మల్నందర్నీ మోసగించి నీళ్లు పోయించుకుంది అన్నాడు. మీకు తెలుసని ఆమె నాతో చెప్పింది అన్నాను. అది తెలిసే వచ్చానన్నాడు.

"నాకు తెలుసని నువ్వు చెప్తే నా పెద్దరికం పోతాది. కొత్త పెద్ద వస్తాడు. నీ మనవరాలి ఊసు వాడెత్తుతాడా? నాకు తెలీదని వదిలేస్తే, రేపే అయ్యగారితో కాగితం రాయించి ఇస్తా. నీ కూతురి పేరు కొట్టేది లేదు, బిడ్డకు నీళ్లు పోసేది వచ్చే నెలే. నీ ఇష్టం."

మరునాడు అయ్యగారు నన్ను నిలబెట్టి అడిగారు. గ్రంథానికి సొంత మాటలు కలిపినందుకు ముందు చీవాట్లు పెట్టారు. తర్వాత, ఈ విషయం సంఘపెద్దకు ముందే తెలుసా, నీకేమైనా తెలుసా అన్నారు. దానియేలప్ప తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. ఐదేళ్లు కాపురం చేసిన మొగుడు, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, ఆమె కోసం అనలేదు. వాణ్ణి మనసులో బండబూతులు తిట్టాను.

తిట్టి, "నాకు తెలియదు అయ్యగారూ" అన్నాను.

రూతమ్మను పుట్టింటికి పంపేశారు. సంగతి తేలేదాకా అన్నారు. ఇలాంటి సంగతులు ఎప్పుడు తేలతాయో ఎజ్రా నాటి నుంచి అందరికీ తెలుసు. కూతురితో సహా పంపేశారు. చదివిన వాక్యం ఉంది గదా, తీర్పు చెల్లింది. మోసపోయినవాడని దానియేలప్ప పేరు పుస్తకంలోనే ఉంచారు, యాకోబప్ప పెద్దగానే ఉన్నాడు. నేను గంట కొడుతూనే ఉన్నాను. కాగితం నా చేతికి వచ్చింది, కింద అయ్యగారి సంతకంతో.

మంగళవారం ఆ కాగితం జేబులో పెట్టుకుని మిట్టేమరి పోయాను. శాలె విడిచిన వేళ. సుజాతమ్మ గడపలోనే నిలబడి కాగితం అందుకుని, మేష్ట్రమ్మ చదివినట్టు ఒక్కొక్క పంక్తీ చదివింది. పేరు కొట్టలేదని, బిడ్డను తీసుకురావచ్చని ఉంది అందులో. దాని ముఖం వెలుగుతుందని నేను చూస్తూ నిలబడ్డాను. అది కాగితాన్ని మళ్లీ మడతల మీదే మడిచింది.

పరగోడు పోతూ రూతక్క ఇక్కడ రెండు రోజులు ఉందని చెప్పింది. తర్వాత కబురొచ్చింది, అన్న ఇంట్లోకి రానివ్వలేదట. తల్లి ఏడ్చి కాళ్లు పట్టుకుంటే ఎద్దుల కొట్టంలో ఒక మూల ఇచ్చారట. ఆ చిన్నపిల్ల మాకు గుడి ఎప్పుడు అని అడుగుతోందట. మేమిద్దరం ఇక్కడే ఉండమని ఎంత చెప్పినా రూతక్క వినలేదు, మామ ఇప్పిస్తానన్న మీ కాగితం నా వల్ల చెడుతుందని వెళ్లిపోయింది అని చెప్పింది. ఇదంతా చెబుతున్నప్పుడు దాని గొంతు శాలెలో హాజరు పిలిచినట్టు ఉంది.

తర్వాత నన్ను సూటిగా అడిగింది. "వాళ్ల మామకు తెలుసని రూతక్క నీకు చెప్పినాదంట గదా నాయనా. అయ్యగారు అడిగితే ఏం చెప్పినావు?"

పాప కోసం అన్నాను. నీ కోసం అన్నాను. ఈ కాగితం ఊరికే రాలేదు అన్నాను.

"వాళ్లు నన్ను వెలేసినారు. వాళ్లకు నేనేమవుతా? నువ్వు ఆమెను వెలేసినావు నాయనా. నిన్ను నమ్మి చెప్పుకున్న మనిషిని."

లోపల పాప లేచి ఏడ్చింది. నేను ఎత్తుకుందామని అడుగు వేశాను. సుజాతమ్మ కదలకుండా గడపకు అడ్డంగానే నిలబడింది. కాగితం నా చేతిలో పెట్టింది. చెప్పాల్సింది చాలా నెమ్మదిగా చెప్పింది. ఇప్పుడు బాగేపల్లి బస్సు వస్తుంది, ఎక్కి పరగోడులో దిగు. కొట్టంలో ఉన్న ఆమె దగ్గరికి పోయి తప్పయిందని చెప్పు. ఆమెను వెంటబెట్టుకుని చిక్కబళ్లాపురం పోయి, తెలిసింది తెలిసినట్టు అయ్యగారితో చెప్పు. కాగితం పోతే పోనీ. అప్పుడు రా, ఈ ఇల్లు నీది, ఈ బిడ్డ నీది. అది చేయకపోతే ఇటు రావద్దు.

మొదట నాకు కోపం వచ్చింది. కన్న తండ్రికి షరతా అనుకున్నాను. రోడ్డు దాకా నడిచేసరికి కోపం పోయింది, ఎందుకంటే అది చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. రాతి మీద కూర్చున్నాను. పరగోడు ఎంత దూరమని? కొట్టంలో ఆమె ముందు నిలబడితే ఏమంటుంది? ఏమీ అనదు, అప్పా అంటుంది, కూర్చోమంటుంది. దానికే నాకు భయం వేసింది. అయ్యగారి ముందు నేను అబద్ధం చెప్పానని నా నోటితోనే చెప్పుకోవాలి. గుడి తాళంచెవి తీసుకుంటారు. నా చోట ఇంకెవడో నిలబడి చదువుతాడు.

బాగేపల్లి బస్సు వచ్చింది. కండక్టరు తలుపు తెరిచి, పరగోడు, బాగేపల్లి అని అరిచి, ఎక్కుతావా తాతా అన్నాడు. నేను లేచాను, లేచి నిలబడ్డాను. ఎక్కేదుంటే ఎక్కప్పా, లేటయితాది అని విసుక్కుని తలుపు వేసుకున్నాడు. దుమ్ము అణిగేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

గంటకు చింతామణి బస్సు వచ్చింది, ఎక్కాను. పోకుండా ఎలా కుదురుతుంది, ఆదివారం గంట కొట్టాలి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు ఇంకా మంగళవారమే.